రాత్రి షిఫ్టు వారంలో సీమబాతు

మా కొడుక్కి రాత్రి షిఫ్టు పడిన వారం నాకు ఒళ్ళంతా చెవులే. పక్కింటి గేటు కిర్రుమన్నా, వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకుని వచ్చినా, మా వంటింట్లో కుక్కరు కూత వేసినా నా చూపు లోపలి గది తలుపు మీదికే పోతుంది. ఆ తలుపు వెనక వాడు పడుకుని ఉంటాడు. రాత్రంతా బాయిలో పని చేసి పొద్దున వచ్చి, పగటి వెలుతురు కళ్ళలో పడకుండా కిటికీకి పాత చద్దరు కట్టుకుని నిద్రపోవాలి. బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. నీళ్ళ బావిని ఎవరూ తలవరు.

వాడి పని కప్పు చూసే పని. బొగ్గు తీసిన చోట తల మీద రాయి గట్టిగా ఉందా, వదులైందా అని పొడుగు కర్రతో తట్టి, చప్పుడు విని చెప్పాలి. అంగట్లో కుండ కొనేటప్పుడు మనం వేళ్ళతో కొట్టి చూడమూ, అట్లాగే. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులు రాయి డొల్లగా మోగుతుంది. వాడు "మంచిగుంది" అంటే తక్కినవాళ్ళు ఆ కప్పు కిందికి పోయి పని చేస్తారు. నిద్ర చాలని చెవికి రెండూ ఒక్కలాగే మోగుతాయని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంటాయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. వాళ్ళ రోజుల్లో ఒకసారి రాత్రి డ్యూటీకి ముందు పగలంతా పక్క క్వార్టర్లో పెళ్ళి మైకు మోగింది. ఆయనకు కన్ను మూత పడలేదు. ఆ రాత్రి బొగ్గు తొట్లను లాగే ఇనుప తాడు దగ్గర క్షణం కునుకు పట్టింది. అంతే.

అందుకే మా ఇంట్లో పగటి నిద్ర అంటే దేవుడి గది లెక్క. అలాంటి ఇంట్లోకి, గొంతు లేస్తే రెండు వీధులకు వినిపించే సీమబాతును తెచ్చింది కూడా ఆయనే.

అప్పుడు మా పెరట్లో నాటుకోళ్ళు, ఒక జత మామూలు బాతులు, ఎప్పుడూ కొట్లాడుకునే రెండు గిన్నికోళ్ళు ఉండేవి. కోళ్ళ గుడ్లతో నాకు ఉప్పు, సబ్బు, చాయపత్తి గడిచిపోయేవి. ఒక వానాకాలం ముంగిస అలవాటు పడింది. తల్లి రెక్కల కిందినుంచే పిల్లలను ఎత్తుకుపోయేది. గోడకు ముళ్ళకంప పెట్టాను, రేకు అడ్డం పెట్టాను, తెల్లారేసరికి మళ్ళీ ఈకలే. నేను గొణుగుతుంటే విని ఆయన గోదావరి ఒడ్డున ఉన్న మా ఆడబిడ్డ ఊరికి పోయి, తువ్వాలలో చుట్టి ఒక పసుపుపచ్చని ముద్దను తెచ్చాడు.

"గిదేంది, ఇంత చిన్నగున్నది?" అన్నాను.

"పెద్దగయినంక జూడు. జీతం లేని కాపలాదారు. ఇంత గడ్డేస్తే సాలు, ముంగిసను పొలిమేర దాటిస్తది."

"గడ్డి నీ తాత ఏస్తడా?"

"నువ్వే ఏస్తవు" అన్నాడు నవ్వుకుంటూ.

పిల్ల చలికి వణికేది. అట్టపెట్టె పెడితే తడిపి చింపేసింది. నేను ఏదీ పారేసే దాన్ని కాదు. ఆయన రిటైరైనప్పటి పచ్చ హెల్మెటు అటక మీద ఉంది. దాన్ని వెల్లకిలా పెట్టి, పాత చీర పేలిక చుట్టి లోపల వేసి, పొయ్యి పక్కన పెట్టాను. పిల్ల అందులో ముడుచుకుని పడుకుంది. దానికి అదే ఇల్లయింది. పెరిగి అందులో పట్టకపోయినా దాన్ని వదల్లేదు. సరే, ఊరికే ఉంటే ఏం లాభమని నేను ఆ హెల్మెటును నీళ్ళ గిన్నెగా మార్చి గేటు పక్కన పెట్టాను. అది దాని పక్కనే పడుకునేది.

చెప్పినట్టే పెరిగింది. నడుము దాకా వచ్చే మెడ, తెల్లటి ఒళ్ళు, ముక్కు మీద నారింజరంగు బొడిపె. ముంగిస ఒకసారి గోడ ఎక్కి దీన్ని చూసి, ఎక్కిన దారినే దిగిపోయింది. మళ్ళీ రాలేదు. నేను ఆయన ముందు ఒప్పుకోలేదు కానీ, ఆ వారం దానికి తవుడులో బెల్లం నీళ్ళు కలిపి పెట్టాను.

చలికాలం వచ్చేసరికి దాని బుద్ధి మారింది. మగది కదా, ఆ రోజుల్లో దానికి జత కావాలనిపిస్తుందట. జత లేదు. ఆ కోపం పెరడంతా పంచింది. నేను గింజలు చల్లితే కోళ్ళను దగ్గరికి రానిచ్చేది కాదు. ఒక పుంజును తోక పట్టి ఈడ్చింది. గిన్నికోళ్ళు గోడ మీదే కాపురం పెట్టాయి. మామూలు బాతుల్లో ఆడదాని వెంట పడితే అది వచ్చి నా కాళ్ళ సందున దాక్కునేది. గ్యాసుబండ తెచ్చే అతను గేటు బయటే దించి పోవడం మొదలుపెట్టాడు. మెడ నేలకు సాగదీసి, పాములాగా బుసకొడుతూ ఉరికొచ్చి, ముక్కుతో కండ పట్టి మెలిపెడుతుంది. పట్టిన చోట నేరేడుపండంత నల్లగా కములుతుంది.

పక్క క్వార్టర్లో పెన్షన్ మీద ఉన్న ఒక టీచరమ్మ ఉంటుంది. ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది, తక్కిన రోజులు తప్పకుండా నాతో మాట్లాడుతుంది. ఆమే దానికి ఓవర్‌మెన్ అని పేరు పెట్టింది. ఓవర్‌మెన్ అంటే బాయిలో కూలీల మీద అజమాయిషీ చేసేవాడు.

"వదినే, మీ ఓవర్‌మెన్ డ్యూటీ ఎక్కిండా? ఎక్కితే జెప్పు, కూరగిన్నె గోడ మీదికెల్లే ఇస్త."

"ఎక్కిండు. హాజరు మస్టర్ పడనోళ్ళను లోపలికి రానిస్తలేడు."

"జీతమెంతిస్తున్నవు?"

"తిట్లు."

నవ్వులు అంతవరకే. అది అందరినీ బెదిరించినా ఒకటి రెండు అడుగులు ఉరికి ఊరుకునేది. మనవరాలు బడి బస్సుకు పోతూ "జరుగు" అని సంచి ఊపితే పక్కకు జరిగేది. కోడలు వట్టి చేతులతో దాటిపోయేది. ఒక్క మా కొడుకు మీదే పగబట్టినట్టు చేసేది. అదీ డ్యూటీ నుంచి వచ్చినప్పుడేనని అప్పటికి నేను పట్టించుకోలేదు.

పొద్దున బండి చప్పుడు వీధి మలుపులో వినిపించగానే నేను చేతిలో పని వదిలేసేదాన్ని. వాడు బండి ఆపి గేటు తీస్తాడు. అది రెక్కలు చాచి అరుచుకుంటూ మీద పడుతుంది. అరుపంటే మామూలు అరుపు కాదు, తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టు.

"అవ్వా, దీన్ని పట్టు! కాళ్ళల్ల జీవం లేదు, దీనితోని కుస్తీ పట్టాల్నా?"

నేను చీపురు పట్టుకుని పోయేదాన్ని. చీపురు చూస్తే ఇంకా రెచ్చిపోయేది. పోట్లాట అయ్యేసరికి వాడి పిక్క మీద ఒక కొత్త మచ్చ, వీధంతా కుక్కల మొరుగుడు, వాడి కళ్ళలోంచి నిద్ర ఎటో పోయేది. స్నానం చేసి, తిని, పక్క మీద పడి కప్పు చూస్తూ ఉండేవాడు. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. వాడు కదలకపోతే పడుకున్నాడనుకుని వెనక్కి తిరిగేదాన్ని. అప్పుడు వాడు పక్కకు ఒత్తిగిల్లేవాడు.

కోడలు ఓపిక పట్టే పిల్లే. ఒక రోజు బియ్యం ఏరుతూ అన్నది.

"అత్తమ్మా, ఐతారం వచ్చే కోళ్ళాయనకు దాన్ని ఇచ్చేద్దాం."

"ఇస్తే ముంగిసకు నువ్వు కావలుంటవా?"

"కోళ్ళు పోతే పోనియ్యున్రి. మనిషి కన్నా ఎక్కువనా?"

నేనూ ఊరుకోలేదు. "పెంచినదాన్ని మెడ కోసుడు ఎంత సేపు? ముందుగాల బుద్ధి జెప్పి చూస్త" అన్నాను. చూస్తానన్నానే కానీ, రాత్రి వాడు డ్యూటీకి పోయాక గోడ మీది గడియారం టక్కుమన్నప్పుడల్లా కోడలు మాటే వినిపించేది.

బుద్ధి చెప్పడం మొదలుపెట్టాను. చీపురు మానేశాను. చీపురు చూపిస్తే అది నన్ను ఇంకో మగబాతు అనుకుంటోందని అర్థమైంది. వెనక్కి తగ్గడం కూడా మానేశాను. వెన్ను చూపితే గెలిచాననుకుంటుంది. అది ఉరికొస్తే నేను కొంగు నడుముకు దోపి అట్లాగే నిలబడి, దగ్గరికి రాగానే మెడ మొదట్లో పట్టుకుని, రెక్కలు ఒంటికి నొక్కి, తల నా వీపు వైపు వచ్చేట్టు చంకలో పెట్టుకునేదాన్ని. పెట్టుకుని నా పనులు చేసుకునేదాన్ని. ముగ్గు డబ్బా తెచ్చేదాన్ని, పూలు తెంపేదాన్ని. మొదట తన్నుకునేది. కాసేపటికి మెడ వాల్చేసేది. దించితే ఈకలు దులుపుకుని సిగ్గుపడ్డట్టు పక్కకు పోయేది.

పాతసామాను దుకాణంలో బొగ్గు మోసే బెల్టు రబ్బరు ముక్కలు అమ్ముతారు. ఒకటి కొని, పెరటికి అడ్డం కట్టి, కోళ్ళకు లోపల, దానికి బయట మేత వేశాను. కోళ్ళు మళ్ళీ గుడ్లు పెట్టాయి. గిన్నికోళ్ళు గోడ దిగాయి. దాని కడుపు నిండితే కోపం తగ్గుతుందని పొద్దున బండి రాకముందే గరిక, తోటకూర కాడలు పడేసేదాన్ని. నా మాట వింది, కోడలు మాట వింది, టీచరమ్మ గేటు తీసుకుని లోపలికి వచ్చి కూర్చోగలిగింది. కొడుకు బండి దిగితే మాత్రం నోట్లో కాడ వదిలేసి మరీ ఉరికేది.

వాడికి వారపు సెలవు వచ్చిన రోజు నాకు విషయం పట్టుబడింది. ఆ పొద్దున వాడు లుంగీ మీద దుకాణానికి పోయి పాల ప్యాకెట్లు తెచ్చాడు. గేటు తీశాడు, మూశాడు. అది తల ఎత్తి చూసి, మళ్ళీ గడ్డిలో ముక్కు పెట్టింది. నేను వాకిట్లో చాట పట్టుకుని అట్లాగే ఉండిపోయాను.

"మళ్ళొకసారి బయటికి పోయి రా."

"ఎందుకవ్వా?"

"పోయి రారా అంటే!"

పోయి వచ్చాడు. ఏమీ అనలేదు. డ్యూటీ రోజుకూ ఈ రోజుకూ తేడా ఏమిటని పైనుంచి కింది దాకా చూశాను. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు మోచేతికి హెల్మెటు వేలాడుతుంటుంది. పచ్చది. గేటు పక్కన నీళ్ళతో ఉన్నదీ పచ్చదే. ఇంట్లోకి పోయి వాడి హెల్మెటు తెచ్చి చేతికిచ్చాను. గేటు దాటి రెండడుగులు వేశాడో లేదో, మెడ నేలకు సాగింది.

అయ్యో, దాని ఇల్లు వీడు రోజూ పొద్దున ఎత్తుకుపోతున్నాడనుకుంటోంది! ఏ ఊళ్ళో అయినా బాతు పిల్లను గంపలో పెంచుతారు, చట్టిలో పెంచుతారు. హెల్మెటులో పెంచేది మేమే.

మా ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. మరుసటి రోజు నుంచి మళ్ళీ రాత్రి షిఫ్టు. ఉపాయం దొరికిందని నేను రెండు పనులు చేశాను. వాడి హెల్మెటు పెట్టుకోవడానికి బియ్యం సంచితో మూతి బిగించే సంచి కుట్టాను. అది మంచి పని. రెండోది, వాడు తొలి రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకోగానే, గేటు పక్కన ఉన్న పాత హెల్మెటు తీసి అటక మీద పెట్టేశాను. మూలమే లేకపోతే తగువే లేదనుకున్నాను.

"వద్దే, అది వెతుకుతది" అన్నాడు ఆయన.

"ఒక పూట ఏడుస్తది. పిల్లకు పాలు మాన్పియ్యలేదా మనం?"

అది నీళ్ళు తాగడానికి వచ్చింది. ఆ చోట స్టీలు బేసిను ఉంది. బేసిను చుట్టూ తిరిగింది. మెడ నిటారుగా ఎత్తి ఒక అరుపు అరిచింది. అది కోపం అరుపు కాదు. అంతకుముందు నేను దాని గొంతులో అట్లాంటిది వినలేదు. నీళ్ళ ట్యాంకు కింద, తులసి గద్దె వెనక, బెల్టు ముక్క అవతల, అంతటా తల పెట్టి చూసి, చూసిన ప్రతిచోటా అరిచింది. చంకలో పెట్టుకున్నాను. నా చంకలోనే అరిచింది. ముక్కు నొక్కి పట్టుకున్నాను. వదిలితే ఇంకా పెద్దగా. కోళ్ళు భయపడి ఒకటే కొక్కొక్కో. లోపల మంచం కిర్రుమంది. ఆ తర్వాత వాడు కిటికీ చద్దరు సవరించుకున్న చప్పుడు.

నా మొండితనం నాకు తెలుసు. ఇప్పుడిస్తే ఇంతసేపు ఏడిపించింది వృథా అవుతుందని పంతం పట్టాను. పొద్దు నడినెత్తికి వచ్చాక కోడలు ఏమీ అనకుండా స్టూలు తెచ్చి అటక కింద వేసింది. నేను ఎక్కి హెల్మెటు దించాను. అది వచ్చి అందులో ముక్కు ముంచి, తాగి, పక్కనే కూలబడింది. పెరడు సద్దుమణిగింది. హమ్మయ్య అనుకునేలోపు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ళ సైరను మోగి, పేలుడుకు కిటికీలు గడగడలాడాయి. గది తలుపు తెరుచుకుంది. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇంత చాయ పెట్టవ్వా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

పొద్దు వాలే దాకా పడుకుంటాడని చూశాను. బజారుకు పోయాడు, బండి కడిగాడు, ఫోను చూశాడు. వీపు మంచానికి ఆనించలేదు. దీపాలు పెట్టే వేళ అన్నానికి కూర్చున్నాడు. చేతిలోకి తీసిన ముద్ద నోటి దగ్గర ఆగింది. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి, వాడు మాత్రం అక్కడ లేడు.

వసారాలో వాడి వెనక రెండు కుండలు ఉంటాయి. ఒకటి మంచినీళ్ళది, ఆ వేళ ఖాళీగా బోర్లించి ఉంది. రెండోది పగులు పట్టింది. పారెయ్యడం ఇష్టం లేక కోళ్ళ నూకలకు వాడుతున్నాను. నూకలు అయిపోయి అదీ ఖాళీగానే ఉంది. నాకు ఎందుకు తోచిందో, లేచిపోయి వేలి కణుపుతో ఒకదాన్ని కొట్టాను. తర్వాత రెండోదాన్ని.

"ఏది పగిలింది?"

"ఏందవ్వా?"

"తిరగకు. ఏది పగిలిందో జెప్పు."

"మొదటిది" అన్నాడు అన్నం కలుపుతూ.

మొదటిది మంచిది. మా ఆయన తినడం ఆపాడు. కోడలు గరిట గిన్నెలో పెట్టేసింది. వాడు వెనక్కి తిరిగి నా చెయ్యి ఏ కుండ మీద ఉందో చూశాడు.

"పరధ్యానంల ఉన్న. మళ్ళ కొట్టు."

"బాయిల మళ్ళ కొట్టనిస్తదా కప్పు?" అన్నాను. "ఇయ్యాల నాగా పెట్టు."

నాగా పెట్టడం అంటే ఆ రోజు కూలీ వదులుకోవడం. పెళ్ళయినప్పటి నుంచి ఆయనతో కానీ, ఉద్యోగం ఎక్కినప్పటి నుంచి వీడితో కానీ నేను అనని మాట అది. జలుబుకు మిరియాలు, జ్వరానికి గోలీ ఇచ్చి సద్ది డబ్బా చేతిలో పెట్టి పంపినదాన్ని.

"బాపూ, అవ్వకు జరమొచ్చినట్టున్నది, చెయ్యి పట్టి చూడు."

ఆయన నవ్వలేదు. వేళ్ళు లేని చెయ్యి కంచం అంచు మీద ఉంది. "జెప్పింది ఇను బిడ్డా" అన్నాడు.

"బాతు లొల్లికి నాగా పెట్టిండంటే బాయిల నవ్వుతరే!"

"నవ్వనియ్యి. నవ్వేటోళ్ళు పానంతోని ఉండాలె గద" అన్నాను. "నీ ఎన్క ఆ కప్పు కిందికి వచ్చేటోళ్ళకు కూడ అవ్వలున్నరు."

వాడు కాసేపు ముద్దను వేళ్ళతో నలిపాడు. తర్వాత కోడలి వైపు చూసి ఫోను అడిగాడు. కడుపునొప్పి అని చెప్పాడు. బాతు పేరు ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని లోపలికి పోయి పడుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఈసారి ఊపిరి పొడుగ్గా, బరువుగా వినిపించింది. చంటిపిల్లాడప్పుడు విన్న ఊపిరే. అట్లాంటి ఊపిరి దొంగనిద్రలో రాదు.

మరుసటి రోజు హెల్మెటును గేటు దగ్గర్నుంచి తీసి, బెల్టు ముక్క వెనక, వీధి కనిపించని మూలకు మార్చాను, అది చూస్తుండగానే, నా వెంట నడిపించుకుంటూ. ఆ మూలకు అది అలవాటు పడింది. కొడుకు తన హెల్మెటును సంచిలో పెట్టుకుని వస్తున్నాడు. చలికాలం పోయాక దాని కోపమూ సగం పోయింది. ఆడబిడ్డ ఊరినుంచి దానికి ఒక జత తెమ్మని ఆయనతో అన్నాను. రెండింటి మేత తలుచుకుంటే గుండె పీకుతుంది కానీ అన్నాను.

అయినా రాత్రి షిఫ్టు వారం వస్తే నాకు నమ్మకం లేదు. సంచి మూతి ఊడిపోవచ్చు. దానికి ఏదో గుర్తుకు రావచ్చు. పొద్దున్నే గడ్డి వేసి, దాన్ని ఎత్తి చంకలో పెట్టుకుని పెరటి మూల బండ మీద కూర్చుంటాను. అది తల నా వీపు వైపు పెట్టి గమ్మున ఉంటుంది. దాని ఒళ్ళు వేడిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పికి కాపడం పెట్టినట్టు. కొన్ని రోజులు బండి వేళకు రాదు. మలుపు దగ్గర వేరే బండ్లు పోతాయి. వాడి బండి వస్తే నాకంటే ముందు దానికి తెలుస్తుంది, మెడ కొద్దిగా బిగుస్తుంది. అప్పుడు గేటు చప్పుడు, వాడి అడుగులు, నీళ్ళ చప్పుడు, పళ్ళెం చప్పుడు, చివరికి గది తలుపు.

తలుపు పడ్డాక కూడా నేను దాన్ని వెంటనే దించను.